ఆకులు ఆయనవి, కాయలు నావి

"పూత జాగ్రత్త. మబ్బు పట్టేటట్టుంది."

"నాకు చెబుతున్నారా? మీ ఆకుల సంగతి మీరు చూసుకోండి. నా కాయల సంగతి నాకొదిలేయండి."

"ఆకు లేకుండా కాయెక్కడిదే?"

"కాయ కాయకపోతే మీ ఆకు మొహం ఎవరు చూస్తారండీ?"

నూజివీడు బస్టాండులో, కదులుతున్న బస్సు కిటికీ దగ్గర, మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవి. ఆయన ఒళ్లో ఐసుపెట్టె ఉంది. అందులో తడిగుడ్డలో చుట్టిన మామిడి చిగుళ్లు. నవ్వుతూ వెళ్లారు. అది మాఘమాసం. శివరాత్రి రాకముందే హైదరాబాదులో, ల్యాబులో పనిబల్ల ముందే కూలిపోయారు. గుండె అన్నారు. ల్యాబువాళ్లే ఊరికి తీసుకొచ్చారు.

ఆయన పోయిన మరుసటేడు వేసవిలో, నేను మొదటిసారి హైదరాబాదు వెళ్లాను. షికారుకి వెళ్లలేదు, పోట్లాటకి వెళ్లాను. ఆ ప్రయాణం సంగతి నేను చెబుతుంటే మా అన్న కూతురు విజయ రాస్తోంది. దానికి పంతులమ్మ దస్తూరి ఉంది. నాకు నా పేరూ, ఇంకో నాలుగు మాటలూ తప్ప రాయడం రాదు.

నూజివీడు

మా ఆయన పేరు వీరభద్రరావు. ఈ చుట్టుపక్కల మామిడి రైతుల కొడుకులు ప్లీడర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. ఈయన ఆకులు నూరడానికి వెళ్లారు. చెట్టుకీ పురుగుకీ మనిషికీ ఒంట్లో కంటికి కనిపించని దారం ఒకటి ఉంటుందట. డి.ఎన్.ఎ. అంటారు. కాయ పులుపా తీపా, పీచుందా లేదా, తొందరగా పండుతుందా ఆలస్యంగా పండుతుందా, అంతా ఆ దారంలోనే చుట్టి ఉంటుందట. దాన్ని తెగకుండా, చెడకుండా బయటికి తీసి చదవడం ఆయన పని.

మొదట్లో ఆయన సూక్ష్మజీవుల మీద పనిచేశారు. కొన్నాళ్లు చలిదేశంలో కూడా చేసి వచ్చారు. అందరూ మెచ్చుకుంటున్న సమయంలో ఆ పని పక్కన పెట్టి మామిడాకు పట్టుకున్నారు. సూక్ష్మజీవి మంచిది, చెప్పినట్టు వింటుంది. మామిడాకు మొండిది. నూరితే జిగురు, గాలి తగిలితే నలుపు. దారం ఆ జిగురులో ఇరుక్కుని తారులాగా వచ్చేది. ప్రతి వేసవికీ వచ్చి ఆకులు కోసుకెళ్లేవారు. వానలు పడే నాటికి ఉత్తరం వచ్చేది. అందులో ఒక్క మాట నేనే కూడబలుక్కుని చదువుకునేదాన్ని: నల్లబడింది. ఎన్ని ఏళ్లు చూశానో ఆ మాట! అక్షరాలు రాని నాకు ఆ మాట మాత్రం బొమ్మలాగా గుర్తుండిపోయింది.

ఊళ్లో ఆయన్ని "ఆకుపసరు డాక్టరు" అనేవాళ్లు. ఆయనతోపాటు చేరినవాళ్లు పెద్ద కుర్చీలెక్కారు. ఈయన ఆకుల దగ్గరే ఉండిపోయారు. నేను వెళ్లి ఆయనతో ఉండకూడదా అంటే, తోటెవరు చూస్తారు? ఆయన జీతం ఆయన ఐసుకీ పుస్తకాలకీ సరిపోయేది. ఇల్లు నడిపింది తోట. తోట నడిపింది నేను. అందులో ఆయన వేలు పెట్టలేదు, ఆయన ల్యాబులో నేను కాలు పెట్టలేదు. మా కాపురం ఒప్పందం అదే.

ఒక ఏడు ఉత్తరంలో కొత్త మాట వచ్చింది. విజయ చేత చదివించుకున్నాను. "తెల్లగా వచ్చింది" అని ఉంది.

ఇక ఆయన పోయాక, ఆ వేసవిలోనే, ఆయన ల్యాబు డైరెక్టరుగారు జీపులో మా తోటకి వచ్చారు. పరామర్శకి. మంచి మనిషే. చిన్నరసం పండు చేతికిస్తే గోళ్లతో తొక్క తీయబోయారు. "అట్లా కాదండీ, మెత్తగా పిసకండి. ముచ్చిక తీసి, తొలి చుక్క పిండి పారెయ్యండి. దాన్లో సొన ఉంటుంది, పెదవి కాలుతుంది. ఆ తర్వాత జుర్రుకోండి" అన్నాను. ఆయన భలే అని నవ్వి, జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు.

రాసుకున్నది ఏంటో మూణ్ణెల్లకి తెలిసింది. ఇంగ్లీషు పత్రికలో వ్యాసం వేశారు. వీరభద్రరావుగారు ఒకరోజు తోటలో కూర్చుని ఉండగా, చదువురాని ఆయన భార్య రసం పండు తొలి చుక్క పిండి పారేస్తుంటే చూశారట. జిగురు ముందే వదిలించాలన్న ఆలోచన ఆ క్షణంలో మెరుపులా తట్టిందట. విజయ చదువుతూ మురిసిపోయింది. ఊరు ఊరంతా వచ్చి నన్ను పొగిడింది. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, బాపులపాడు నుంచి మైలవరం దాకా అందరికీ చెప్పుకున్నారు, మా మరదలి చేతి చుక్కలోంచి సైన్సు పుట్టిందని.

"అబద్ధం" అన్నాను. ఎవరూ వినలేదు. అణకువ అనుకున్నారు.

"అత్తా, నీకు పేరొస్తే నీకేంటి నొప్పి?" అంది విజయ.

"నాకు పేరు ఇవ్వదలిస్తే నా తోట చూసి ఇమ్మను. ఆయన కష్టంలోంచి కోసి నాకెందుకు పెట్టడం?"

తర్వాత ఆహ్వానం వచ్చింది. ల్యాబు గోడకి మా ఆయన పేరున ఒక రాయి అమరుస్తారట. దాని మీద ఈ చుక్క కథే చెక్కించారట. తెర తాడు నేనే లాగాలట. కాగితం మీద మాట చిరుగుతుంది, రాయి మీద మాట చిరగదు. ఆ రాయి నిలబడితే మా ఆయన ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ ఒక్క చుక్క కింద కొట్టుకుపోతాయి. వీధిలో పోతూ లాటరీ టిక్కెట్టు దొరికినవాడికీ ఆయనకీ తేడా ఉండదు. ఆ మాట గోడకెక్కకుండా చూడాలని బయల్దేరాను.

బావగారు అడ్డం వచ్చారు. "శుభమా అని రాయి తెరిచే చోట నువ్వు తాడు పట్టుకోవడం ఏంటమ్మాయ్? పసుపూ కుంకాలున్న ఆడవాళ్లు లేరా ఆ ఊళ్లో?"

"ఆయన పోబట్టే కదండీ రాయి పెడుతున్నారు. ఆయన ఉంటే నాకు కుంకం ఉండేది, వాళ్లకి రాయి ఉండేది కాదు."

కోతల రోజులు కాబట్టి తోట కాపలా ఆయనకే అప్పజెప్పి, విజయని వెంటబెట్టుకుని, వరిగడ్డిలో సర్దిన చిన్నరసాల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను.

హనుమాన్ జంక్షన్

బస్సులో కండక్టరు బుట్ట చూసి ఆగాడు.

"అమ్మగారూ, దీనికి లగేజీ కొట్టాలండీ."

"నా ఒళ్లో ఉంది కదయ్యా."

"ఒళ్లో పట్టే బుట్టాండీ అది? పక్కావిడ ఒళ్లో కూడా ఉంది."

పక్కావిడ ఉంగుటూరు మనిషి. బుట్టలోంచి వాసన పీలుస్తూ, "ఉండనీయవయ్యా, నాకేం బరువు లేదు" అంది. ఆవిడకి రెండు కాయలిచ్చాను. కండక్టరుకి ఇవ్వలేదు. టిక్కెట్టే కొట్టించుకున్నాను. రూలు రూలే. కాయలిచ్చి రూలు వంచితే రేపు డైరెక్టరుగార్ని ఏ మొహంతో అడుగుతాను?

జంక్షన్‌లో బస్సు మారాలి. అక్కడ టీ ముప్పావలా. మా నూజివీడులో అర్ధరూపాయికే ఇంతకన్నా చిక్కగా ఇస్తారు. ఆ మాటే కొట్టువాడితో అన్నాను. "మరి నూజివీడులోనే తాగి రావాల్సిందండీ" అన్నాడు. వాడి నోరు నాకు నచ్చింది. ఇంకో టీ తాగాను.

రైల్లో

బెజవాడలో పగటి రైలెక్కాం. ఎండాకాలం రైలంటే కదిలే పొయ్యి. ఖమ్మం దాటేసరికి పై బల్ల మీద పెట్టిన బుట్ట అడుగున కాయలు ఉడికి రసం కారడం మొదలెట్టింది. కింద ఒకాయన తోలుసంచీ ఉంది. గుమాస్తా లాగున్నాడు. సంచీ మీద పసుప్పచ్చ ధార చూసి లేచి అరిచాడు. విజయ సిగ్గుతో చచ్చిపోయి చీర కొంగుతో తుడుస్తోంది. నేను ఒక పండు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ముందు తినండి, తర్వాత తిట్టండి" అన్నాను. తిన్నాడు. తిట్టడం మర్చిపోయాడు. ఇంకొకటి ఉందా అని అడిగాడు.

డోర్నకల్‌లో ఒకావిడ ఎక్కింది. ఎండకి మాడిన మనిషి, చేతివేళ్లన్నీ మరకలు. నా పక్కనే కూలబడింది. అడివిలో తునికాకు కోసే కూలి మనిషట. ఆ ఆకుతోనే బీడీలు చుడతారు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట విప్పింది. నేను పులిహోర విప్పాను. చెరిసగం చేసుకున్నాం. ఆ రొట్టె చేత్తో తట్టి చేస్తారట, నీళ్లు ఎక్కువైతే విరుగుతుందట. మా వైపు జొన్న తినేవాళ్లు లేరు. కారం మాత్రం మాదానికన్నా ఘాటు. ఒప్పుకుంటాను.

"ఏడికి పోతున్నవ్ అక్కా?" అంది.

చెప్పాను. మా ఆయనది ఆకుల పని అనేసరికి ఆవిడ ముఖం వెలిగింది.

"ఏం ఆకు?"

"మామిడాకు. నూరి అందులోంచి దారం తీసేవారు."

"బీడీలు కట్టనీకా?"

రైలు డబ్బాలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఉంటే అందరికన్నా ఎక్కువ నవ్వేవారు.

"మావోళ్లకు చెప్తే నమ్మరు గనీ, ఆకు తెంపుడు అల్కగాదక్కా" అంది ఆవిడ. "ముదిరినది వగులుతది. లేత పసరాకు చుట్టంగనే మాడ్తది. నడుమ ఉన్నదే తెంపాలె. దినమంత వంగి తెంపితె కట్టలు మావి, పేరు కంపెనీది. ఎవలడుగుతరు?"

"నేనడగడానికే వెళ్తున్నా" అన్నాను.

వరంగల్‌లో దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. "గట్టిగ అడుగు. నీ గొంతు మంచిగున్నది, రంపం లెక్క" అంది. నా గొంతుని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

సికింద్రాబాదు

స్టేషను మెట్ల మీద చెప్పు తెగింది. కుట్టేవాడు పక్కనే ఉన్నాడు. ఉర్దూలో ఏదో అడిగాడు, నేను తెలుగులో ఏదో చెప్పాను, చెప్పు మాత్రం బాగానే కుట్టాడు. అక్కడే ఇరానీ హోటల్లో టీ తాగాం. అది టీ కాదు, పాయసం. పక్కన ఒక బిస్కట్టు ఇస్తారు. తీపిలో ఉప్పు, ఉప్పులో తీపి. మా ఊళ్లో అట్లా చేస్తే ఉప్పు చెయ్యి జారిందంటారు.

రోడ్డు మీద బండివాడు మామిడిపళ్లు కాటా వేసి కిలోల లెక్కన అమ్ముతున్నాడు. మా దగ్గర కాయల లెక్క. మామిడిపండుని తూకం వెయ్యడం నేను అక్కడే చూశాను. "చిన్నరసాలు, నూజివీడువి" అని అరుస్తున్నాడు. దగ్గరికెళ్లి చూశాను. నూజివీడువీ కాదు, చిన్నరసాలూ కాదు.

"అబద్ధం ఎందుకయ్యా?" అన్నాను.

"నూజివీడంటేనే అమ్ముడుపోతయమ్మా" అన్నాడు.

విజయ నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లింది. లేకపోతే మొదటి పోట్లాట అక్కడే అయ్యేది.

గెస్టుహౌసు

ల్యాబువాళ్లు మాకు వాళ్ల గెస్టుహౌసులో గదిచ్చారు. మర్యాదకి లోటు చెయ్యలేదు. మర్నాడు పొద్దున ఫలహారాల దగ్గర డైరెక్టరుగారు, ఇంకొందరు పెద్దలు, మా ఆయన శిష్యులు కలిశారు. నా బుట్టలో మిగిలిన కాయలు వంటమనిషికి ఇచ్చాను. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? చిన్నరసాల్ని చాకుతో ముక్కలు కోసి, పళ్లేల్లో పేర్చి, ముళ్లచెంచాలు గుచ్చి తెచ్చాడు! రసం పండుని చాకు పెట్టి కోయడమంటే పాల కోసం ఆవు పొదుగుని కోసినట్టు. పీచుకి పీచు, తొక్కకి తొక్క, రసమంతా పళ్లెం పాలు.

డైరెక్టరుగారు ముళ్లచెంచాతో గుచ్చుకుని తింటూ, "మీ చేతి పండు మహిమే వేరమ్మా" అన్నారు. తొలి చుక్క మీద వ్యాసం రాసిన మనిషి, చుక్క పిండాల్సిన అవసరమే లేకుండా ముక్కలు తింటున్నాడు. ఆయనకి ఆ తేడా కూడా తట్టలేదు.

బల్ల చివర ఒక అమ్మాయి మాత్రం చాకు తగలని పండొకటి తీసుకుని, రెండు అరిచేతుల మధ్య దొర్లించి, పిసికి, ముచ్చిక తీసి, తొలి చుక్క పక్కన వదిలి, జుర్రుకుంది. మోచేతి దాకా కారింది. ఆ చేతివాటం మా ఇంటిది. నేను చూస్తున్నానని తెలిసి సిగ్గుపడింది.

"సార్ నేర్పిండ్రమ్మా. ఏటా బుట్ట తెచ్చి మా అందరికి నేర్పేటోరు. ముక్కలు కోస్తే ల్యాబులకు రానియ్యకపోయేది."

ఆ పిల్ల పేరు సుగుణ. నల్లగొండ వైపు మనిషి. మా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఆఖరి విద్యార్థిని. ఆ పిల్లే నన్ను ల్యాబుకి తీసుకెళ్లింది.

ల్యాబు

గుమ్మం దగ్గర చెప్పులు విడవమన్నారు. గుడి కాబోలనుకున్నాను. లోపలికెళ్లాక వేరే చెప్పులిచ్చారు. ఇదెక్కడి మడి అని విజయతో అన్నాను. బయటి దుమ్ము లోపలికి రాకూడదట. మా ఆయన ఇంటికొస్తే చెప్పులతో వంటింట్లోకి వచ్చేవారు, ఎన్నిసార్లు తిట్టానో. అంటే మడి తెలుసన్నమాట, ఇక్కడ వాడేసి వచ్చేవారు.

ఒక గోడ నిండా కార్డులు అంటించి ఉన్నాయి. ఏ దేశం స్టాంపు లేదో చెప్పలేను. సుగుణ చెప్పింది. మా ఆయన ఆకులోంచి దారం తీసే పద్ధతిని అచ్చువేశాక, ఆ అచ్చు కాపీ ఒకటి పంపమని ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన కార్డులట. విజయ ఒక్కొక్కటీ చదివింది. బ్రెజిల్‌లో జీడిమామిడి మీద పనిచేసేవాళ్లు. మలేషియాలో రబ్బరు వాళ్లు. ఆఫ్రికాలో పత్తి వాళ్లు. జపాన్‌లో ఏదో తీగ వాళ్లు.

"జిగురున్న ఆకు ఎక్కడుంటే అక్కడ సార్ పద్ధతి ఉన్నదమ్మా" అంది సుగుణ. "పేపర్లు ఎక్కువ రాయలే ఆయన. శానామంది వందలు రాస్తరు, ఎవరూ చదవరు. ఈ ఒక్కటి చదవకుంట ఎవరూ పని మొదలుపెట్టలేరు. ఇప్పటికీ వస్తున్నయ్ కార్డులు, ఆయన పేరు మీదనే."

"జవాబు ఎవరు రాస్తారు?"

"మేమే పంపుతం. కింద ఆయన పేరే పెడ్తం."

నేను ఆ గోడ దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆకుపసరు డాక్టరు అన్నవాళ్లందర్నీ తీసుకొచ్చి ఇక్కడ వరసగా నిలబెట్టాలనిపించింది.

తర్వాత సుగుణ ఒక గాజుగొట్టం తెచ్చింది. అందులో అడుగున ఏదో చిక్కటి నీరు.

"సార్ ఆఖరిసారి తెచ్చిన ఆకులు అమ్మా ఇవి. గడ్డకట్టే పెట్టెల కొన్ని దాచిన. మీరొచ్చిననాడు తీయాలనుకున్న. నిన్నటి సంది చేస్తున్న, ఒక్క మెట్టు మిగిలింది."

ఆఖరిసారి తెచ్చినవి. అంటే బస్సు కిటికీలో ఆయన ఒళ్లో ఉన్న ఐసుపెట్టెలోవి. ఆ చిగుళ్లు కోసింది ఉత్తరం గట్టు చెట్టు నుంచి. నిచ్చెన పట్టుకున్నది నేను.

సుగుణ చల్లటి స్పిరిటు గొట్టం అంచు మీదుగా మెల్లగా వదిలింది. రెండూ కలిసిన చోట తెల్లగా మబ్బులాగా తేలింది. గాజుపుల్ల పెట్టి తిప్పింది. మబ్బు దారమై పుల్లకి చుట్టుకుంది. పత్తికాయ పగిలితే వచ్చే తెలుపు. ఒక్క మచ్చ లేదు.

"ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇది తెల్లబడటానికి ఏం చేశారు ఆయన?"

సుగుణ వేళ్లు మడిచింది. ఉప్పు పాళ్లు మార్చారట. చల్లదనం మార్చారట. ఆకు వయసు మార్చారట, పొద్దున కోసిందా సాయంత్రం కోసిందా చూశారట. ఒకటి సరిపోతే ఇంకొకటి చెడేది. అన్నీ ఒక్కసారి కుదిరేదాకా ఏళ్లు పట్టింది. మధ్యలో ఇద్దరు విద్యార్థులు విసుగెత్తి వెళ్లిపోయారట.

"మరి ఆ చుక్క కథ?"

సుగుణ తలుపు వైపు చూసింది. "మాకెరుకే అమ్మా అది నిజం కాదని. కానీ నా థీసిస్ మీద డైరెక్టరు సార్ సంతకం పడాలె."

"నీకు సంతకం కావాలి. నువ్వు ఊరుకో. నాకు ఎవరి సంతకమూ అక్కర్లేదు."

హాలు

సభ సాయంత్రం. హాలు నిండింది. గోడకి ఎర్ర తెర, పక్కన పట్టుతాడు. నన్ను ముందువరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. మే నెలలో శాలువా! డైరెక్టరుగారు ఇంగ్లీషులో మాట్లాడారు. విజయ చెవిలో తెలుగు చేస్తోంది. సగం దాకా బాగానే చెప్పారు. తర్వాత తోట, చుక్క, మెరుపు వచ్చాయి. జనం ఆ అని చప్పట్లు కొట్టారు.

నన్ను పైకి పిలిచారు. తాడు చేతికిచ్చారు. ఫోటో తీసేవాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లాగండమ్మా" అన్నారు డైరెక్టరుగారు.

"దీనెనక ఏం రాసుందండీ?"

"మీ గురించే అమ్మా. మీ కథే."

"నాకు చదువు రాదు. తెలుగులో చెప్పండి."

ఆయన మెల్లగా చెప్పారు. ఒక ఇల్లాలు పారేసిన చుక్కలో ఒక శాస్త్రవేత్త సత్యాన్ని చూశాడు, అని. మైకు పక్కనే ఉంది. హాలంతా వింది.

"నేను లాగను" అన్నాను.

మైకు కీచుమంది. ఆయన నవ్వబోయి ఆగారు.

"తొలి చుక్క పారెయ్యాలని మా నూజివీడులో పాలు మానిన ప్రతి పిల్లాడికీ తెలుసండీ. మా పాలేరుకి తెలుసు, మా బావగారికి తెలుసు. మరి వాళ్లందరూ ఎందుకు కనిపెట్టలేదు? మా ఆయన పుట్టిన దగ్గర్నుంచీ పిండి పారేస్తూనే ఉన్నారు ఆ చుక్క. అందులోంచే తట్టేదైతే, అన్ని ఏళ్లు నల్లబడింది నల్లబడింది అని నాకెందుకు ఉత్తరాలు రాశారు? వచ్చి ఆకులు కోసుకున్నారు, నల్లబడ్డాయి. మళ్లీ వచ్చారు, మళ్లీ నల్లబడ్డాయి. తోటివాళ్లు కుర్చీలెక్కుతుంటే ఈయన నిచ్చెనెక్కారు. అదంతా తీసేసి నా చేతిలోంచి ఒక చుక్క జార్చారు మీరు."

"అమ్మా, మిమ్మల్ని గౌరవించాలనే..."

"నన్ను గౌరవించాలంటే మా తోటకి రండి. చీడపట్టిన ఏడు కూడా కాపు తీశాను. అది నా పని, దానికి పేరివ్వండి, తీసుకుంటాను. ఇది ఆయన రాయి. ఆకులు ఆయనవి, కాయలు నావి. కలపకండి."

డైరెక్టరుగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, కోపం లేకుండానే, ఒక మాటన్నారు. అది నేను మర్చిపోలేదు. "కథ ఉంటేనే జనానికి గుర్తుంటుందమ్మా. ఏళ్ల కష్టం ఎవరికీ గుర్తుండదు."

"గుర్తుండకపోతే పోనీయండి. అబద్ధం గుర్తుండటం కన్నా అదే నయం."

"మరి ఏం రాయమంటారు?"

నేను ఆలోచించుకుని రాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "ఆకులు తెచ్చారు. నల్లబడ్డాయి. మళ్లీ తెచ్చారు. అంతే రాయండి. కింద ఆయన పేరు."

వెనక ఒక కుర్చీ కిర్రుమంది. చూస్తే సుగుణ లేచి నిలబడింది. దాని పక్కన ఇంకో ఇద్దరు లేచారు. సంతకం కావాలన్న పిల్ల! ఊరుకోమన్నా వినలేదు.

"రాయి మార్చాలంటే కమిటీ తేల్చాలమ్మా" అన్నారు డైరెక్టరుగారు.

"తేల్చనీయండి. అందాకా తెర ఉండనీయండి."

చేతిలో తాడు అట్లాగే ఉంది. వదిలేస్తే ఎవరో ఒకరు లాగుతారు. పక్కన ఇనపకొక్కెం కనిపించింది. తాడుని దానికి రెండు చుట్లు తిప్పి, మేం లారీకెత్తే ముందు మామిడి బుట్టకి వేసే ముడి వేశాను. ఆ ముడి లాగే కొద్దీ బిగుస్తుంది. విప్పడం తెలిసినవాళ్లు విప్పాలి, లేదా కొయ్యాలి. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి బయటికి వచ్చాను.

మళ్లీ నూజివీడు

మర్నాడు విజయా నేనూ తిరుగు రైలెక్కాం. కొండపల్లి దాటాక, "అత్తా, ఆ కథ నాకు నిజంగా నచ్చింది. నీ గురించి కాబట్టి నచ్చింది" అంది.

"తెలుసు" అన్నాను. "అందుకే అది పాడుది. నచ్చే అబద్ధాన్ని ఎవరు కాదంటారు?"

బస్టాండులో బావగారు ఉన్నారు. సంగతి విని తల పట్టుకున్నారు.

"ఐతే చుక్క సంగతి ఉత్తదేనా? ఊరూరా చెప్పుకున్నానే అమ్మాయ్!"

"మళ్లీ ఊరూరా తిరిగి కాదని చెప్పండి."

"నా పరువేం కాను?"

"మీ తమ్ముడు ఏటా ఆకులు నల్లబడ్డాక ఖాళీ ఐసుపెట్టె పట్టుకుని ఈ బస్టాండులోనే దిగలేదండీ? ఆయన పరువేమైంది?"

బావగారు బుట్ట అందుకుని ముందు నడిచారు. మైలవరం సంతలో మొన్న ఎవరితోనో అంటున్నారట, మా తమ్ముడిది చుక్క కాదయ్యా, చెమట అని. కాస్త ఎక్కువ చేసి చెబుతున్నారు. ఆయన అలవాటది.

దసరా ముందు సుగుణ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కమిటీ ఇంకా తేల్చలేదట. సంతకమూ ఇంకా పడలేదట. తెర అట్లాగే ఉందట. ఊడ్చేవాళ్లు దుమ్ము దులపబోతే ల్యాబు పిల్లలు ముడి ముట్టుకోనివ్వడం లేదట. పండగ సెలవులకి వచ్చి ముడి విప్పడం నా దగ్గర నేర్చుకుంటుందట. నేర్పుతాను. కానీ నేను చెప్పిన మాట రాయి మీద పడిందాకా విప్పనని ముందు ఒట్టు పెట్టించుకుంటాను.

వాళ్లు చెక్కినా చెక్కకపోయినా ఈ కాగితాలు ఉండాలని ఇదంతా చెప్పాను. ఇంక చాలు. కలం కింద పెట్టు, విజయా. మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. బస్సు కిటికీ దగ్గర మాటలు మెల్లగా చదువు, ఆయనన్నవి ఆయనన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోవాలి. నువ్వెక్కడైనా నాకోసం అందంగా ఏమన్నా కలిపి ఉంటే అక్కడ ఆగు, కొట్టేద్దాం. ఊఁ, చదువు.